కోత పండుగ గుమ్మడికాయ

స్తెఫను మంచం దిగలేదు. నిన్న మధ్యాహ్నం గోడవైపు తిరిగి పడుకున్నవాడు పొద్దున చాయ్ కూడా ముట్టలేదు. జోజమ్మ గ్లాసు తీసుకెళ్ళి, మీగడ కట్టిన చాయ్ పారబోసి, కడిగి బోర్లించి వచ్చింది. కాసేపు మంచం పక్కన నిలబడింది. మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన అలగడం ఆమెకు కొత్త కాదు. అలిగిన మనిషిని బతిమాలే ఓపికే ఈ మధ్య కరువైంది. పైగా తెల్లవారేసరికి అటుకుల డబ్బా సగానికి దిగి ఉంది. ఇంట్లో ఉన్నది ఇద్దరే. కూతురు అక్స ఖమ్మంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఎలుక మూత తీసి, తిని, మళ్ళీ మూత పెట్టదు కదా.

"మధ్యాహ్నం బండి పంపుతమన్నరు," అంది వంటింట్లోనుంచే. "పోతున్నమా లేదా, ఏదో ఒకటి చెప్పు. నేను సెలవు పెట్టుకొని కూర్చున్న."

గోడ నుంచి జవాబు వస్తుందేమో కానీ ఆయన నుంచి రాలేదు.

"నిన్నే అడుగుతున్న."

"నన్నెందుకు అడుగుతవు," అన్నాడు స్తెఫను చివరికి, గోడకే చెబుతున్నట్టు. "గుమ్మడికాయ ఇచ్చింది నువ్వు. గుడి నిండ జనం చూస్తుంటే వాళ్ళ చేతిల పెట్టింది నువ్వు. నా చేతులు కట్టేసి ఇప్పుడు పోదమా అంటే నేనేం చెప్త?"

ఆదివారం నుంచి ఈ మాట ఎన్నిసార్లు అన్నాడో. మొదటిసారి విన్నప్పుడు జోజమ్మకు ఏడుపు వచ్చింది. ఇప్పుడు నడుము నొప్పి వచ్చింది.

ఆదివారం జరిగింది ఇదీ. బూర్గంపాడులో వాళ్ళ క్రైస్తవ గుడిలో కోత పండుగ. ఇళ్ళ నుంచి ధాన్యం, కూరగాయలు, కోళ్ళు తెచ్చి దేవుని ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు. ఎక్కడైనా ఉన్న ఆచారమే. కానీ ఈ సంఘంలో ఇంకో పద్ధతి కూడా ఉంది. పాడుకున్నవాళ్ళు ఆ సరుకును తమ ఇంట్లో వండి, ఇచ్చిన ఇంటివాళ్ళను పిలిచి, తమతో కూర్చోబెట్టుకుని పెట్టాలి. పెద్ద ఇంటివాళ్ళు కూలి మనిషి తెచ్చిన సొరకాయ పాడుకుంటే, ఆ కూలి మనిషికి ఆ ఇంట్లో పీట వెయ్యక తప్పదు. ఎప్పటి పాస్టరు అయ్యగారు పెట్టిన కట్టుబాటో గానీ, మనుషుల సంగతి బాగా తెలిసినవాడే పెట్టి ఉంటాడు.

జోజమ్మ మిద్దె మీద పాకిన తీగకు ఈ ఏడు ఒక గుమ్మడికాయ కాసింది. మనిషి ఒంటి చేత్తో ఎత్తలేనంత కాయ. ఏటా ఆమె తెచ్చిన వంకాయలూ మునక్కాయలూ చివరన, అందరూ చాపలు మడతపెట్టుకునే వేళకు, ఎవరో ఒకరు జాలిపడి పాడుకునేవాళ్ళు. ఈసారి సంఘ పెద్ద షాలేమ్‌రాజు మైకులో "రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ స్తెఫనుగారి ఇంటి గుమ్మడికాయ" అని చెప్పినప్పుడు ఆమె వద్దనలేదు. వద్దనాలని కూడా తోచలేదు. పేరు మైకులో వినబడితే ఎవరికి చేదు?

ఆరోజు ముఖ్య అతిథి వెంకటప్పయ్య. ఆయనది ఈ గుడీ కాదు, ఈ మతమూ కాదు. ఖమ్మంలో మేడలు, ఏజెన్సీలో పొగాకు, జిల్లాకు ఏ మంత్రి వచ్చినా ముందు కాఫీ తాగేది ఆయన ఇంట్లో. గుడికి కొత్త పైకప్పు వేయిస్తానన్నాడు కాబట్టి ముందు కుర్చీలో కూర్చున్నాడు. గుమ్మడికాయ పాట మొదలవగానే ఆయన చెయ్యెత్తాడు. ఎవరో పిల్లలు సరదాకు పెంచారు. ఆయన ఇంకా పెంచాడు. చివరికి ఆ కాయకు పలికిన ధర విని అయ్యగారు స్తోత్రం చెప్పారు, జనం చప్పట్లు కొట్టారు. ఆచారం ప్రకారం జోజమ్మ ఆ కాయను రెండు చేతులా ఎత్తుకెళ్ళి ఆయన చేతిలో పెట్టింది. నవ్వింది కూడా. ఫోటో తీశారు.

ఇంటికొచ్చాక స్తెఫను చొక్కా విప్పి కుర్చీ మీద విసిరికొట్టి అడిగాడు: ఆ మనిషి మీద కేసు నడుస్తున్నదనీ, ఆ కేసులో తాను రిపోర్టు రాయాల్సి ఉందనీ తెలిసి ఎట్లా ఇచ్చినవ్ అని.

తెలుసు. తెలియక కాదు. అదే ఆమె బాధ.

వాగవతలి కోయగూడెం ఇప్పగుంపులో జంపయ్య అనే కోయ రైతు తండ్రి తన పొలాన్ని రెండు పంటల కౌలుకని వెంకటప్పయ్య తండ్రికి ఇచ్చాడు. రెండు పంటలు ఎప్పుడో అయిపోయాయి. ఇచ్చినాయన పోయాడు, పుచ్చుకున్నాయన పోయాడు, పొలం మాత్రం తిరిగి రాలేదు. ఏజెన్సీ భూమిని బయటివాళ్ళు కొనకూడదు, ఉంచుకోకూడదు అని చట్టం ఉంది. ఆ పొలంలో ఇప్పుడు జంపయ్యా, ఆయన భార్య జంపక్కా వెంకటప్పయ్యకు కూలి చేస్తారు. తమ పొలంలో తామే కూలి. మా పొలం మాకు ఇప్పించండని జంపయ్య ఈ ఏడు అర్జీ పెట్టుకున్నాడు. పొలం ఎవరి చేతిలో ఉందో చూసి రాసేవాడు స్తెఫను. ఆ రాసినదాన్నిబట్టే పైవాళ్ళ తీర్పు.

జోజమ్మ ఆ గుంపుకు నర్సమ్మ. జంపక్క కోడలికి కాన్పు చేసింది ఆమే. అర్జీ పెట్టిన రోజే జంపక్క వచ్చి, సారుకు ఒక మాట చెప్పమని అడిగింది. "మా ఆయనకు చెప్పాల్సిన పని లేదు జంపక్కా. ఆయన తప్పు రాయడు," అంది జోజమ్మ. అన్నది గర్వంగానే అంది. ఇప్పుడా మాట గొంతులో ముల్లులా ఉంది.

పంచనామా రేపు అన్నాడు స్తెఫను. ఇవాళ విందు, రేపు పంచనామా. తిన్న నోటితో ఏం రాస్తాడు? తినకపోతే ఆ గుడిలో మళ్ళీ ఎట్లా కాలు పెడతారు?

వాకిట్లో మోటారు సైకిలు ఆగింది. షాలేమ్‌రాజు. రోడ్ల కాంట్రాక్టులు చేస్తాడు, గుడి లెక్కలు చూస్తాడు, రెండింటికీ ఒకటే తెల్లచొక్కా. చెప్పులు బయట విడిచి నేరుగా మంచం దగ్గరికి వెళ్ళి కుర్చీ లాక్కున్నాడు.

"ఏందన్నా ఇది, చిన్నపిల్లగాని లెక్క," అన్నాడు.

స్తెఫను లేచి కూర్చున్నాడు. భార్యకు దొరకని మర్యాద సంఘ పెద్దకు దొరికింది.

షాలేమ్‌రాజు చాలాసేపు మాట్లాడాడు. అయ్యగారు అప్పుడే బయల్దేరి వెళ్ళారట. పెద్దాయన వెంకటప్పయ్య పొగాకు ఎండబెట్టే బ్యారన్ల దగ్గరి గెస్ట్‌హౌసులో ఖమ్మం నుంచి వంటవాళ్ళను దింపారట. ఇన్నేళ్ళలో పాడుకున్న ఇంటికి ఇచ్చినవాళ్ళు రాకపోవడం ఈ సంఘంలో జరగలేదట. పైకప్పు సంగతి సరే, ఒక హిందువు మన పద్ధతిని అంత గౌరవిస్తుంటే మనమే కాలదన్నడం క్రైస్తవులకు సాక్ష్యమేనా అని కూడా అడిగాడు. జోజమ్మ గడప దగ్గర నిలబడి విన్నది. ఆయన మాటల్లో తప్పు పట్టుకుందామంటే దొరకలేదు. కావలసినప్పుడు ప్రతి మాటా న్యాయంగానే వినబడేట్టు మాట్లాడగలగడం కూడా ఒక కాంట్రాక్టే.

"వదినా, నువ్వన్నా చెప్పు," అన్నాడు ఆమె వైపు తిరిగి. "నెల తిరిగేసరికి మీరు ఖమ్మంల ఉంటరు. ఖానాపురం హవేలిల కిరాయికి మంచి ఇల్లు నేను చూసిపెడ్త. పాప హాస్టల్ తిండి తినుడు తప్పుతది."

"ఖమ్మంలనా?" అంది జోజమ్మ.

స్తెఫను చటుక్కున షాలేమ్‌రాజు వైపు చూశాడు. షాలేమ్‌రాజు నాలుక కరుచుకున్నట్టు తల దించుకుని, గడియారం చూసుకుని లేచాడు. బండి వస్తది, తయారుగా ఉండండి అని చెప్పి, చెప్పుల్లో కాళ్ళు దూర్చి వెళ్ళిపోయాడు.

"ట్రాన్స్‌ఫర్ అయిందా?" అని అడిగింది ఆమె.

"అయితదేమో. ఆయన ఊకె అంటడు."

మళ్ళీ గోడవైపు తిరిగాడు. జోజమ్మ ఆ వీపును చూస్తూ నిలబడింది. బదిలీ కోసం ఎన్నేళ్ళుగా ఆయన్ను పోరిందో ఆమెకు గుర్తుంది. ఇప్పుడు వస్తున్నదంటే సంతోషం కలగలేదు. బాగా అలసిపోయినట్టు మాత్రం అనిపించింది.

పెరటి వైపు నుంచి ఎవరో "నర్సమ్మా" అని పిలిచారు.

జంపక్క. చంకలో నాటుకోడి, తల మీద తుండుగుడ్డ. ఇప్పగుంపు నుంచి నడిచి వచ్చిందేమో, కాళ్ళకు మోకాళ్ళదాకా దుమ్ము. జోజమ్మ రేపటి పంచనామా గురించి అడగడానికి వచ్చిందనుకుంది. ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ పీట వేసింది.

జంపక్క కూర్చోలేదు. నవ్వుతోంది. పొగాకు నమిలి నల్లబడ్డ పళ్ళన్నీ కనబడేట్టు నవ్వుతోంది.

"సారుకు మొక్కుదమని వచ్చిన," అంది. "ఇది సారుకు. కాళ్ళు కట్టిన, ఎగరదు."

"ఎందుకు జంపక్కా?"

"మా భూమి మాకు రాసిచ్చిండు కదమ్మా."

జోజమ్మకు అర్థం కాలేదు. కోడిని అందుకుని, నీళ్ళిచ్చి, నెమ్మదిగా చెప్పమంది. జంపక్క చెంబెడు నీళ్ళూ తాగి, మూతి తుడుచుకుని, ఉత్సాహంగా చెప్పింది. పోయిన బుధవారమే సారు వచ్చాడు. వెంకటప్పయ్య పొగాకు బ్యారన్ నీడలో కుర్చీ వేశారు. గుంపు గుంపంతా వచ్చి నిలబడింది.

"ఈ భూమి ఎవరిదని అడిగిండు. మాదే అన్నం. దున్నేదెవరన్నడు. మేమే అన్నం. మేమే కదమ్మా దున్నేది, పెద్దాయన ఎన్నడన్న నాగలి పట్టిండా? సారు మంచిగ రాసుకున్నడు. రాసి అందరికి చదివి ఇనిపిచ్చిండు. భూమి జంపయ్య చేతులనే ఉన్నది, జంపయ్యే దున్నుతుండు అని. గట్ల చదువుతుంటే మా ముసలోడు ఏడ్చిండు. మా నాయన పేరు నిలబడ్డదే అన్నడు. ఏలిముద్ర ఎయ్యమంటే ఏసిండు."

జోజమ్మ చేతిలో కోడి కొట్టుకుంటోంది. ఆమె దాన్ని ఎప్పుడు నేల మీద పెట్టిందో ఆమెకే తెలియదు.

పెళ్ళయిన కొత్తలో వాళ్ళు టేకులపల్లిలో ఉండేవాళ్ళు. స్తెఫను అప్పుడు చిన్న ఉద్యోగి. ఒకరోజు ఇంటికొచ్చి అన్నం పళ్ళెం పక్కకు నెట్టేశాడు. తన పై అధికారి ఒకాయన ఇట్లాంటి కేసులోనే, భూమి కోయవాడి చేతిలోనే ఉందని రాశాడట. మరి మంచిదే కదా అంది జోజమ్మ అమాయకంగా. స్తెఫను ఆమె మీద విరుచుకుపడ్డాడు. "వాడి చేతుల్లోనే ఉంటే ఇంక వాడికి ఇప్పించేదేముంది? ఇప్పించేది లేదని కేసు కొట్టేస్తరు. దొర పొలంల దొర ఉంటడు. పైగా ఆ కోయాయన దండం పెట్టి పోయిండు జోజీ. వాని నాశనానికి వాడే దండం పెట్టిండు." ఆ పూట ఆయన అన్నం తినలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఈ మనిషి నాకు దొరికాడని ఆ రోజు ఆమె దేవునికి స్తోత్రం చెప్పుకుంది.

"కూర్చో జంపక్కా. ఇప్పుడే వస్త," అని లోపలికి వెళ్ళింది.

స్తెఫను కదలలేదు. కానీ నిద్రపోతున్న మనిషి వీపు అంత బిగుసుకుని ఉండదు. పెరటి మాటలన్నీ విన్నాడు.

"పంచనామా రేపన్నవు."

ఆయన దుప్పటి భుజం మీదికి లాక్కున్నాడు.

"పోయిన బుధవారం ఇంటికి చేపలు తెచ్చినవు. పులుసు మళ్ళీ మళ్ళీ వేయించుకున్నవు. బాగుంది అన్నవు."

జోజమ్మ మంచం కోడు పట్టుకుని కింద కూలబడింది. ఆదివారం వెంకటప్పయ్య గుమ్మడికాయ పాడింది ఏదో రాయించుకోవడానికి కాదు. రాయించుకున్నది అప్పటికే ఆయన చేతికి వచ్చేసింది. అది ఆయన చెప్పిన థాంక్స్. మరి తప్పంతా ఆ కాయదీ, ఆ కాయను మోసినదానిదీ ఎట్లా అయింది?

"నేను బతిమాలి, చెయ్యి పట్టి లాక్కపోవాలె," అంది. "అప్పుడు అక్కడికి పోయింది నువ్వు కాదు, నేను. రాసింది కూడ నేనే. అంతేనా?"

స్తెఫను లేచి కూర్చున్నాడు. ముఖం ఉబ్బి ఉంది. "నేను రాయకపోతే ఇంకొకడు రాస్తడు. నన్ను తీసి ఏ మూలకో పారేస్తరు. పైనుంచి కిందిదాక ఆయన ఇంటి కాఫీ తాగినోళ్ళే. నేనొక్కన్ని నిలబడి ఏం పీకాలె?" గొంతు తగ్గించాడు. "ఖమ్మం ఖమ్మం అని నా చెవి కొరికింది ఎవరు? మా నాయన ఆ గుడిల గంట కొట్టి, చెప్పులు విడిచే కాడ కూర్చుండేటోడు. మొన్న నన్ను పిలిచి ముందు కుర్చీల కూర్చోబెట్టిన్రు. నీకు సంతోషం కాలేదా? నిజం చెప్పు."

"అయింది," అంది జోజమ్మ.

అయింది కాబట్టే ఆమెకు ఆయన్ను తిట్టడానికి నోరు రాలేదు. ఫోటోలో తాను ఎట్లా నవ్వి ఉంటుందో తలచుకుంటే ఒళ్ళు కుంచించుకుపోయింది. ఆశ ఆయన ఒక్కడిదే కాదు. అయినా ఆశపడటం వేరు, చదువు రాని మనిషికి చదివి వినిపించి, ఏడిపించి, వేలిముద్ర వేయించుకోవడం వేరు. ఆ తేడా ఆయనకు తెలుసు. టేకులపల్లిలో తెలిసినవాడికి ఇక్కడ తెలియకుండా పోదు.

పెరట్లో జంపక్క కోడితో కోయలో ఏదో మాట్లాడుతోంది.

బయట బండి హారన్ మోగింది.

జోజమ్మ లేచింది. బీరువా తీసి, ఆదివారం కట్టుకున్న చీర పక్కకు నెట్టి, రోజూ డ్యూటీకి కట్టుకునే చీరే కట్టుకుంది. ఆమె తయారవుతుంటే స్తెఫను ముఖంలో కొంచెం తేట కనబడింది. అయిందేదో అయింది, దీనికి బుద్ధి వచ్చిందనుకున్నాడేమో, తువ్వాలు భుజాన వేసుకుని మొహం కడుక్కోవడానికి బొక్కెన దగ్గరికి నడిచాడు.

ఆమె పెరట్లోకి వెళ్ళింది. "జంపక్కా, కాళ్ళు కడుక్కో. భోజనానికి పోదం."

"ఎక్కడికి?"

"వెంకటప్పయ్య గారి గెస్ట్‌హౌసుకు."

జంపక్క నవ్వింది. ఆ ఇంటి వాకిలి ఊడవడానికే తప్ప గడప లోపలికి ఎన్నడూ పోలేదంది. తనను ఎవరు పిలిచారంది.

"మా గుడి పద్ధతిల ఇచ్చినింటోళ్ళు ఎంతమందైన పోవచ్చు. నా పక్కన కూర్చుందువు. పా."

చెయ్యి పట్టుకుని సందులోంచి వాకిట్లోకి తీసుకొచ్చింది. తెల్ల స్కార్పియో, వెనక సీటుకు కొత్త తువ్వాళ్ళు పరిచి ఉన్నాయి. డ్రైవరు దేవ్‌సింగ్ తలుపు తీసి, జంపక్క దుమ్ము కాళ్ళు చూసి తటపటాయించాడు. జోజమ్మ అవతలికి జరిగి కూర్చుని జంపక్కను పక్కన ఎక్కించుకుంది. జంపక్క సీటు అంచున, పడిపోతానేమో అన్నట్టు కూర్చుంది. దేవ్‌సింగ్ ముందుకు వెళ్ళి ఇంజన్ స్టార్టు చేశాడు.

స్తెఫను వాకిట్లోకి వచ్చాడు. మొహం నుంచి నీళ్ళు కారుతున్నాయి. బండిలో ఎవరున్నారో చూసి ఆగిపోయాడు.

"జోజీ, ఆమెను దింపు."

"నువ్వొస్తే రా. లేకుంటే మేం పోతం."

"అయ్యగారున్నరు, పెద్దాయన ఉన్నడు. నలుగురిల నవ్వులపాలు చెయ్యకు."

జంపక్క ఒకసారి ఆయన్నూ ఒకసారి ఈమెనూ చూసింది. సారుకు కోపం వచ్చిందని మాత్రం అర్థమైంది. దిగిపోవడానికి తలుపు మీద చెయ్యి వేసింది. జోజమ్మ ఆ చేతిని పట్టుకుంది. దారిలో చెబుదామనుకుంది. దారిలో చెబితే ఆయన వినడు కదా అనిపించింది.

"జంపక్కా, సారు రాసింది నీకు మంచి చెయ్యదు," అంది. "భూమి నీ చేతులనే ఉన్నదని రాసిండు. నీ చేతుల ఉన్నదాన్ని మళ్ళ నీకు ఇప్పించేదేమున్నదని పైన కేసు కొట్టేస్తరు. పొలం ఆయన కిందనే ఉంటది. ముసలాయన ఏలిముద్ర దానికే వేసిండు. నేను సారు తప్పు రాయడని నీకు చెప్పిన. తప్పు చెప్పిన."

జంపక్క నవ్వు వెంటనే పోలేదు. విన్నది లోపలికి దిగేదాకా అది ముఖం మీద అట్లాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా తల తిప్పి, జోజమ్మను కాదు, వాకిట్లో తువ్వాలు పట్టుకుని నిలబడ్డ స్తెఫనును చూసింది. కోపంగా అడగలేదు. ఆయన కాదంటే నమ్మడానికి సిద్ధంగా అడిగింది.

"అవ్‌నా సారూ?"

దేవ్‌సింగ్ ఇంజన్ ఆపేశాడు.